మచ్చ అవతలికి పోతే సెలవు

మా ఆయన కొలువు దక్షిణాన ఎక్కడో కొండ మీద, సూర్యుణ్ణి చూసే కచేరీలో. రోజూ పొద్దున్నే దుర్భిణితో సూర్యుడి ఫోటో తీసి, దాని మీది మచ్చలు గుర్తుపెట్టేవాడు. పెద్ద మచ్చ కనబడితే వైర్‌లెస్ వార్తలు చెడిపోవచ్చని ముందే హెచ్చరిక పంపేవారట. రెండో ప్రపంచ యుద్ధం ముగిసినా ఆ పని ముగియలేదు. ఓర్వకల్లు దగ్గర బండల మధ్య, వానకు మొహం వాచిపోయిన ఊరు మాది. ఎండను చూసినందుకు జీతమిస్తారంటే ఊరంతా నవ్వేది. “ఎండే కావాలంటే ఈడికే రావచ్చు గదా, మన దగ్గర శానా ఉండాది” అనేది మా అత్త.

నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. కూతురు పుట్టినప్పుడు ఆయన రాలేదు. తండ్రి లేకుండా బాప్తిస్మం ఇప్పించేది లేదని నేను మొండికేశాను. చర్చిలో అయ్యగారు అడిగి అడిగి ఊరుకున్నాడు. బిడ్డ పాకింది, గోడ పట్టుకుని నిలబడింది. బాప్తిస్మమూ పెండ్లీ ఒకే దినం పెట్టుకుందామా అని అత్త దెప్పేది.

కడుపుతో ఉన్న నన్ను వదిలి వెళ్లేటప్పుడు ఆయన నాకొక పని నేర్పాడు. గాజుముక్కకు దీపం మసి పట్టించి, అందులోంచి పొద్దును చూడడం. పెద్ద మచ్చ అయితే చీమ తలంత కనబడేది. అది రోజూ కొంచెం జరిగి, అంచు దాటి వెనక్కు పోతుంది. కరిగిపోకుంటే రెండో వైపు నుంచి మళ్లీ వస్తుంది. బిడ్డ నిలబడిన ఏడాది అలాంటిదే ఒకటి వచ్చింది. అది అవతలికి పోగానే సెలవిస్తారని ఆయన కబురు పంపాడు.

మచ్చ అంచు చేరిన రోజు ఇల్లు అలికాను. బిడ్డకు తెల్లగౌను కుట్టి, వచ్చే ఆదివారమేనని అయ్యగారికి చెప్పాను. మరునాడు చూస్తే రెండో అంచున ఇంకో మచ్చ. ఆయన రాలేదు, గౌను పొట్టిదైపోయింది. సూర్యుడు నాకు సవతై కూర్చున్నాడు. తిట్టుకుంటూనే రోజూ చూసేదాన్ని. ఆయన కళ్లూ నా కళ్లూ ఒకే చోట ఆనేది అక్కడొక్కటే. ఆయన కోసం అంత బెంగగా ఉండేది.

వేసవి చివర చర్చిలో వాన కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. అందరూ మా చేల మీద కురిపించమని అడిగారు. నేను ఆయన కొండ మీద మబ్బు కమ్మాలని అడిగాను. పొద్దు కనబడకపోతే అక్కడ పనుండదు. కళ్లు తెరిచేసరికి అత్త నన్నే చూస్తోంది.

“యాడికి అడుగుతాండావే వాన?” అంది మెల్లగా. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.

కొండ మీద ముసురు పట్టింది. మాకు చుక్క పడలేదు. ఆయన తడి ఆరని గొడుగుతో ఎండలో దిగాడు. బిడ్డ ఆయన్ను చూసి జడుసుకుని నా కొంగులో దూరింది. ఆ ఆదివారమే, అడుగంటిన బావి నుంచి తోడుకొచ్చిన నీళ్లతో, బాప్తిస్మం జరిగింది.

చర్చి బయటికి రాగానే అలవాటుకొద్దీ గాజుముక్క తీసి చూశాను.

“ఏమన్నా ఉండాదా?” అన్నాడు ఆయన.

లేదందామనుకున్నాను. అయినా చెప్పాను. “ఉండాది. వచ్చే పక్క అంచున. పెద్దదే.”

గాజుముక్క కోసం చెయ్యి చాస్తాడనుకున్నాను. చాచలేదు. బిడ్డను ఎత్తుకుని, “ఉండనీలే” అన్నాడు.

కొండ మీద ముసురు విడిచిందని కబురు రాగానే వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మళ్లీ ఏడాది గడిపాను.