రెండు, ఇంకో మూడు

నా చిన్నప్పుడు మేడ్చల్ చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్షతోటలే. పందిరి కింద నిలబడి, తలెత్తి, ఒక్కో గుత్తినీ మగ్గులోని మందులో ముంచడం మా అమ్మ పని. కాయ లావెక్కడానికి ఆ మందు. సాయంత్రానికి ఆమె చేతులు తల దువ్వుకోవడానికి కూడా లేచేవి కావు. ఈసారీ లెక్కల్లో తప్పితే బడి మాన్పించి నన్నూ తోటకే తీసుకుపోతానని తేల్చి చెప్పింది. ఆమెను తప్పుపట్టను. ఒక్కతే ఎంతకని లాగుతుంది?

నాకు కొరుకుడుపడనివి ఘాతాంకాలు. 0.00047 అని కనబడితే ఆ సున్నాల దగ్గరే కళ్లు తిరిగేవి. 10⁻²ని 10⁻³తో గుణించమంటే, రెండు మూళ్లు ఆరని 10⁻⁶ రాసి వచ్చేదాన్ని.

ఇంటర్ మధ్యలో మానేసిన పక్కింటి అక్క అదే తోటలో మందు కలిపి, తర్వాత అమ్మ పక్కనే గుత్తులు ముంచేది. పరీక్ష ముందటి ఆదివారం నన్ను వెంట తీసుకెళ్లింది. పొడిని మగ్గెడు నీళ్లలో చిక్కగా కలిపింది. దాన్ని బకెట్‌లో పోసి, తొమ్మిది మగ్గుల నీళ్లు కలిపింది. బలం పదో వంతుకు దిగింది, అంటే 10⁻¹. ఆ బకెట్‌ను డ్రమ్ములో వంపి తొమ్మిది బకెట్ల నీళ్లు పోసింది. ఇప్పుడు 10⁻².

"సున్నాల ఎంట వడకు పిల్లా. ఎన్నిసార్లు పల్చగ జేసినవో గదొక్కటే యాదుంచుకో. రెండుసార్లు జేసి ఇంక మూడుసార్లు జేస్తే, ఆరెట్లైతది?" అంది విసుగ్గా.

ఐదు! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. 0.00047 కూడా నాలుగుసార్లు పల్చన చేసిన 4.7 తప్ప మరేమీ కాదని, 4.7 × 10⁻⁴ అని నేలమీద పుల్లతో నేనే రాసి చూపించాను. అక్క సరేనని తలూపి, మగ్గు తీసుకుని పందిరి కిందికి వెళ్లిపోయింది.

పరీక్ష గట్టెక్కింది. చదువు సాగింది. తుర్కపల్లిలోని ఒక ల్యాబులో, కుర్చీలో కూర్చుని గాజు గొట్టాల్లో మందులు పల్చన చేస్తూ రిటైరయ్యాను. గొట్టం మార్చిన ప్రతిసారీ అక్క మాటే లోపల వినబడేది.

తోటలన్నీ ప్లాట్లయ్యేదాకా అక్క ఆ పందిళ్ల కిందే ఉండిపోయింది. ఇప్పుడు ఆమె చేతులు భుజం దాటి లేవవు. నావి లేస్తాయి. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గుగానూ ఉంటుంది, బాధగానూ ఉంటుంది. నాకూ ఓపిక తగ్గింది. అయినా ఆదివారం వస్తే బస్సెక్కి వెళ్లి, ఆమెకు తల దువ్వి జడవేసి వస్తాను.