మూత తీయకముందే

మా టీమ్ లీడ్‌ని అందరం అన్న అనే పిలిచేవాళ్లం. హైటెక్ సిటీలో ఎంత పెద్ద మీటింగ్ నడుస్తున్నా, భోజనాల వేళకు లేచి నల్లగండ్లలో ఉన్న వదినకు ఫోన్ చేసేవాడు.

"వంకాయ కిరాక్ ఉందే! చెయ్యి కడగబుద్ధి అయితలేదు."

అప్పటికి డబ్బా మూతైనా తీసేవాడు కాదు. ఫోన్ పెట్టేస్తూ తీసేవాడు. ఒకనాడు తీస్తే లోపల కూతురి రంగు పెన్సిళ్లు ఉన్నాయి. పొద్దున హడావిడిలో డబ్బాలు మారాయనుకుని మేం పడీపడీ నవ్వాం. అన్న ఒక పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, "ఎవ్వరన్న ఇంట్ల చెప్పిన్రో, అప్రైజల్ల చూస్త" అని బెదిరించి మా డబ్బాల మీద పడ్డాడు.

మొన్న ఒక ఉదయం ఆఫీసుకు బయల్దేరుతూ, బూట్లు వేసుకుంటూనే గుండె ఆగి పోయాడు.

కర్మ అయ్యాక ఒక ఆదివారం టీమంతా ఇంటికి వెళ్లాం. తినకుండా పంపనని వదిన కంచాలు పెట్టింది. ఆమె కూరగిన్నె తేగానే నా నోటి నుంచి వచ్చేసింది.

"కూర కిరాక్ ఉంది వదినా."

గిన్నె మీద మూత అలాగే ఉంది. వదిన పక్కున నవ్వింది.

"మీ అన్న నేర్పిండా? మెచ్చుకునుడు అయినంక మూత తీసిన సప్పుడు నాకు ఫోన్ల ఇనొస్తుండె. అందుకే ఒకనాడు వంకాయ అని చెప్పి, కావాల్నని పెన్సిళ్ల డబ్బా పంపిన. పొద్దుగూకి ఇంటికొచ్చి, ఆ వంకాయ జర మిగిలిందా అని అడిగిండు! లేదంటే, రేపు మళ్ల చెయ్యమన్నడు."

కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మీరన్న తిని చెప్పుండ్రి."

మూత తీసింది. వంకాయ కూర.