వీరమ్మ వెనక్కి తీసుకోలేని మాట

నరసాపురం దాటి కాలువ గట్టు వెంట మూడు కిలోమీటర్లు వెళితే ఒక పేట, ఆ పేట చివర లూథరన్ చర్చి. ఆ చర్చికి పాస్టరుగార్లు ఎందరో మారారు గానీ, పిడికెడు బియ్యం ఎత్తే మనిషి మాత్రం ముప్పయ్యేళ్ళుగా మారలేదు. ఆవిడే వీరమ్మ.

అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, దేవుడికని వేరే డబ్బాలో వేయడం అక్కడి క్రైస్తవుల ఇళ్ళలో ఆనవాయితీ. శనివారం సాయంత్రం వీరమ్మ సంచీ పట్టుకుని ఆ బియ్యం కోసం గడప గడపకీ తిరిగేది. ఎవరి డబ్బా వెలితిగా ఉందో చూస్తే చాలు, ఆ వారం వాళ్ళ పొయ్యి ఎన్నిసార్లు వెలిగిందో ఆవిడకి తెలిసిపోయేది. అలాంటి ఇంట్లో మనుషుల్ని మాటల్లో పెట్టి, సంచీలోంచే రెండు దోసిళ్ళు వాళ్ళ డబ్బాలో పోసి వచ్చేది. ఒకసారి పాస్టరుగారి భార్య ఇది కనిపెట్టి అడిగితే, దేవుడి బియ్యం దేవుడి పిల్లల ఇంట్లోనే ఉన్నాయి కదండీ అని నవ్వేసిందట.

భర్త చిట్టియ్య పోయేనాటికి కూతురు దీవెనకి ఆరేళ్ళు. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి పిల్లని చదివించింది. బడి రిజిస్టర్లో, సర్టిఫికెట్లలో ఆ పిల్ల పేరు నాగదుర్గ. చర్చిలోనూ ఇంట్లోనూ దీవెన. పేటలో చాలామందికి ఇలా రెండేసి పేర్లు. క్రైస్తవులమని రాయిస్తే ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వరు. పోనీ బాప్తిస్మం తీసుకున్నారు కదా అని ఊరు వాళ్ళని చూసే చూపేమైనా మారిందా అంటే, తాతల నాటి నుంచీ అదే చూపు. అందుకని కాగితం మీద ఒకరుగా, ఆదివారం ఒకరుగా బతకడం అలవాటైపోయింది. అది అబద్ధమని వాళ్ళెవరికీ ఎప్పుడూ తోచలేదు.

దీవెనకి గోదావరి అవతల సర్కారు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. రోజూ స్కూటీని పంటు పడవ మీదికెక్కించి రేవు దాటి వెళ్ళేది. ఉద్యోగం వచ్చిన ఆదివారం వీరమ్మ ఆగలేకపోయింది. మేలు పొందినవాళ్ళు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. నోరు మూసుకుంటే మేలు మింగేసినట్టే. వీరమ్మ మైకు అందుకుని, ప్రభువు తన బిడ్డకి ఫలానా ఊళ్ళో, ఫలానా బడిలో ఉద్యోగం ఇచ్చాడని ఏడుస్తూ చెప్పింది. ఆరాధన ఫోన్లో లైవ్ పెట్టడం ఆ మధ్యే మొదలైంది. దూరాన ఉన్న చుట్టాలు కూడా చూస్తారని సంబరపడింది.

నాలుగు నెలలకి పైఆఫీసుకి ఒక అర్జీ వెళ్ళింది. నాగదుర్గ అనే టీచరు క్రైస్తవురాలని, తప్పుడు సర్టిఫికెట్‌తో ఉద్యోగం సంపాదించిందని. దానికి జతగా తల్లి సాక్ష్యం చెప్పిన వీడియో. ఎవరు పెట్టారో ఈనాటికీ తెలియదు.

విచారణకి రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్.ఐ.గారు వస్తున్నారని ముందురోజే కబురొచ్చింది. దీవెన గోడ మీది వాక్యాల క్యాలెండరు తీసేస్తే, అంతమేరా సున్నం తెల్లగా బయటపడింది. పక్కింటి లోవలక్ష్మి తన ఇంట్లోంచి దుర్గమ్మ పటం తెచ్చి అక్కడ తగిలించింది.

"మా అమ్మవారు నీ ఇంట్లో అలగదులే వదినా, రెండు రోజులు ఉంచుకో" అంది. వీరమ్మ నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఆర్.ఐ. చంద్రరావు మర్యాదస్తుడు. కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ తాగి, ఫోన్లో ఆ వీడియో చూపించాడు.

"ఇందులో ఉన్నది మీరేనాండి?"

"నేనేనండి. ఎవరో పిలిస్తే వెళ్ళానండి."

"ఆ సంఘంలో మీరు సభ్యులా?"

"కాదండి."

"బాప్తిస్మం తీసుకున్నారా?"

వీరమ్మ కూతురి వైపు చూసింది. దీవెన నేల చూపులు చూస్తోంది.

"లేదండి."

చంద్రరావు అదంతా రాసుకుని, వీరమ్మకి క్రైస్తవ మతంతో ఏ సంబంధమూ లేదన్న ఆఖరి వాక్యం పైకి చదివి వినిపించాడు. వేలిముద్ర కోసం ఇంకు డబ్బా తీస్తుంటే, సంతకం వచ్చండి అంది వీరమ్మ. నలభై దాటాక స్త్రీల సమాజంలో యోహాను సువార్త మీద వేలు పెట్టి నేర్చుకున్న అక్షరాలవి. గుండ్రంగా, తీరిగ్గా రాసింది.

ఉద్యోగం నిలబడింది. పాస్టరు జయపాల్‌గారు వీడియోలన్నీ తీయించేశారు. కొన్నాళ్ళు చర్చి వైపు రావద్దని వీరమ్మ మంచికే చెప్పారు. బియ్యం ఎత్తే పని సంఘంలోనే రూబీ అనే ఆవిడకి అప్పగించారు. ఆ శనివారం వీరమ్మ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడింది. రూబీ ఎదురింట్లో బియ్యం పోయించుకుని, తలొంచుకుని వీరమ్మ ఇల్లు దాటి వెళ్ళిపోయింది. అలా చేయమని పాస్టరుగారే చెప్పారట.

ఆరు నెలలు గడిచాక, ఇక భయం లేదు, వెనక బల్ల మీద కూర్చోవచ్చన్నారు. వీరమ్మ వెళ్ళింది. కానీ నెలలో మొదటి ఆదివారం, రొట్టే ద్రాక్షారసమూ పంచే సంస్కారం వేళ అందరూ ముందుకి నడుస్తుంటే ఆవిడ లేవలేదు. మరుసటి నెలా లేవలేదు. మూడో నెల అసలు రానే లేదు. ఆ మధ్యాహ్నం జయపాల్‌గారే, మంచాన పడ్డవాళ్ళకి తీసుకెళ్ళినట్టు, రొట్టే ద్రాక్షారసమూ చిన్న పెట్టెలో పెట్టుకుని ఇంటికొచ్చారు. వీరమ్మ ముసుగేసుకుని పీట మీద కూర్చుంది. ఆయన ప్రార్థన చేసి, రొట్టె విరిచి చేయి చాపారు. ఆవిడ చేతులు ఒళ్ళోంచి కదలలేదు.

"పేతురు కూడా ప్రభువుని ఎరగనని బొంకాడమ్మా, మూడుసార్లు. ప్రభువు ఆయన్ని వదిలేశాడా?"

"పేతురుగారు తర్వాత నలుగురి ముందూ నిలబడి, ఆయన నా ప్రభువేనని చెప్పుకున్నాడండి. నేనెక్కడ చెప్పుకోనండయ్యా? దీవెన రిటైరయ్యేదాకా నేను బతికుండను కదా."

"దేవుడికి తెలుసమ్మా."

"ఆయనకి తెలిస్తే చాల్లే అనుకునే సంతకం పెట్టానండి. పెట్టాక చాల్లేదు."

వంటింటి గుమ్మంలో దీవెన నిలబడి ఉంది. రేపే రాజీనామా రాసిచ్చేస్తానమ్మా అంది.

"ఆ పని చేశావంటే నేనన్న మాట కూడా ఊరికే పోద్దే" అంది వీరమ్మ, కూతురి వైపు తిరగకుండానే. "బడి మానకు."

జయపాల్‌గారు రొట్టె ముక్కతో చాపిన చేయి వెనక్కి తీసుకున్నారు. ప్రార్థన చేసి విరిచినదాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. తన వంతు తను తిన్నారు. తర్వాత వీరమ్మ వంతు కూడా ఆయనే నోట్లో పెట్టుకున్నారు. ఆయన మింగేదాకా వీరమ్మ ముసుగు తీయలేదు, తల ఎత్తలేదు.