గంగపాయల రసం

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఆ పెద్దమనిషికి తిండి మీద ఏనాడూ పట్టింపు లేదు. పళ్లెంలో ఏం పెట్టినా తల వంచుకుని తినేవాడు. అడవి ఆకుకూరల పోషక విలువల మీద ఎవరో రాసిన పుస్తకం ఆయన బల్ల మీదికి వచ్చాకే ఆ ఇల్లు ప్రశాంతతకు నీళ్లొదులుకుంది.

కామా కామాకీ ఆగి చదివే అలవాటు కదా, ప్రతి అంకె బుర్రకెక్కింది. యాంటీఆక్సిడెంట్ అనే మాట పలకడం చేతనైన రోజు నుంచి నోటికి మూత పడలేదు. తోటి ఉద్యోగి టీ తాగబోతే, "ఎందుకయ్యా ఆ పాడు నీళ్లు? ఒంట్లో కణాలు తుప్పు పడుతున్నాయి, తెలుసా?" అనేవాడు. పొద్దున్నే సంచీ పట్టుకుని, రైలు కట్ట పక్క ఖాళీ జాగాలో వంగి గంగపాయల ఆకు కోసేవాడు. దాన్ని కలుపు మొక్కనుకుని తొక్కుకుంటూ పోయేవాళ్లంతా ఆయన లెక్కలో అజ్ఞానులు.

"ఇటివ్వండి, వండి పెడతాను," అనేది భార్య.

"వండితే సత్తువంతా గంగలో కలుస్తుంది. నీకేం తెలుసు?" అంటూ పచ్చాకు మిక్సీలో వేసి, పెద్ద గ్లాసు నిండా పోసుకుని గటగటా తాగేవాడు. ముడతలు మాయమవుతాయంటూ మరదలికి ఓ సీసాడు పంపిస్తే, ఆవిడ మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఒకనాడు ప్రూఫుల ముందే నడుం పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. కిడ్నీలో రాయి.

డాక్టరు అంతా విని, "ఈ ఆకులో ఆక్సలేట్ ఎక్కువండీ, రాళ్లు కట్టేది దాంతోనే. ఉడికించి, నీళ్లు వంచేసి, కూరలా కొంచెం తింటే మంచిదే. రోజూ పచ్చిరసం తాగమని ఎవరు చెప్పారు?" అన్నాడు.

"పుస్తకంలో ఉడికించమని ఎక్కడా లేదండీ," అన్నాడాయన నీరసంగా.

"ఉండేది," అంది పక్క కుర్చీలోంచి భార్య. "పేజీ మించిపోతోందని ఆ నాలుగు లైన్లూ కొట్టేయించింది మీరేగా. రాసినాయన ఒప్పుకునేదాకా ఫోన్ పెట్టెయ్యలేదని గొప్పగా చెప్పారు కూడా."

డాక్టరు తలెత్తకుండా మందుల చీటీ రాశాడు.

రాయి పడిపోయింది. ఇంటికొచ్చాక ఆవిడ ఆకు ఉడికించి, నీళ్లు వంచి, తాలింపు పెట్టి వడ్డించింది. ఆయన అంతా తిని, మారు వడ్డించుకుని, చెయ్యి కడుక్కుంటూ, "విటమిన్ సి అంతా ఆ నీళ్లలోనే పోయిందనుకో," అన్నాడు. ఆవిడ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడాయన ఆకుల ఊసెత్తడం లేదు. రాయిని చిన్న సీసాలో వేసి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు. అడగనివాళ్లకి కూడా తీసి చూపిస్తున్నాడు.