బతికే ఉన్నానని చెప్పడానికి ఒక ప్రశ్న

రాజమహేంద్రవరం కాంప్లెక్సు నుంచి నరసాపురం బస్సు ఉదయం ఏడు పదికి కదిలింది. చేతిలో టిక్కెట్టు, సంచిలో ఒక ఫారం. ఫారం మర్నాడు మధ్యాహ్నంలోగా పంపాలి. పన్నెండు రోజుల్లో విమానం.

ఆసుపత్రుల్లో ఆక్సిజన్ యంత్రాలు బాగుచేయడం నా వృత్తి. ప్రభుత్వాలు ఋతువుల్లా మారిపోయే ఒక దేశంలో ఆర్నెల్లపాటు ఆ పని ఉచితంగా చేస్తానని ఒక స్వచ్ఛంద సంస్థకు మాటిచ్చాను. దేశం పేరు రాయకూడదని వాళ్ళ నియమం. ఆగిన యంత్రాన్ని లేపగలను గానీ పడిపోయిన ప్రభుత్వాన్ని లేపలేనని ఇంటర్వ్యూలోనే చెప్పాను. వాళ్ళు నవ్వి తీసుకున్నారు. అప్పట్నుంచి నేను నవ్వలేదు. టీకాలు అయ్యాయి, వీసా వచ్చింది, ధైర్యానికి మాత్రం ఇంకా స్టాంపు పడలేదు.

మిగిలింది ఈ ఫారం. అక్కడ నన్నెవరైనా ఎత్తుకుపోతే, నేను బతికే ఉన్నానో లేదో తేల్చుకోవడానికి సంస్థవాళ్ళు నన్ను పట్టుకున్నవాళ్ళ ద్వారా ఒక ప్రశ్న అడుగుతారట. ఫారంలో ముందే రాసివ్వాల్సిన ఆ జవాబు నాకూ, ఫారం మీద సంతకం పెట్టిన మనిషికీ తప్ప బయట మూడోవారికి తెలియకూడదు. నేను తిరిగొచ్చాక ఆ కాగితాన్ని నా ఎదుటే చింపేశారు కనుక ఇప్పుడు ఇదంతా రాస్తున్నాను. అలాంటిది జరిగితే ఫోన్ వచ్చేది సంతకం పెట్టినవాళ్ళకే కనుక మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఆ ఫోనొస్తే నేను ఎత్తలేనండి. వదినగారిని అడగండి" అంది. అందుకే మొగల్తూరులో ఉన్న మా అక్క దగ్గరికి ఈ ప్రయాణం.

ఎనిమిదింబావుకి రావులపాలెంలో ఒక పెద్దావిడ ఎక్కి, ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని పక్క వరసలో కూర్చుంది. నేను పెన్ను నోట్లో పెట్టుకుని ఫారం చూస్తుంటే, "పరీక్షకా అండీ?" అంది.

"అలాంటిదేనండి. విదేశానికి వాలంటీరుగా వెళ్తున్నాను."

"వాలంటీర్లని తీసేశారు కదండీ. అక్కడింకా ఉంచారా?"

ఇంటికొచ్చి పింఛను ఇచ్చే వాలంటీరును కానని చెప్పి, ఫారం సంగతి వివరించాను. ఆవిడ పెట్టెలు సర్దుకుంటూ, "మీ ముద్దుపేరు అడగమనండి" అంది. నా ముద్దుపేరు మా ఊరి పోస్టుమానుకు కూడా తెలుసు, తెలియనిది అసలు పేరే. కండక్టరు వెనక నుంచి అందుకున్నాడు. "నేనైతే ఏమీ మాట్లాడకుండా నిలబడితే చాలు సార్. ఇంట్లోనూ అంతేగా, మా ఆవిడ 'మా ఆయనే' అనేస్తుంది."

సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీద ఫోన్లో వార్త వచ్చింది. ఆ దేశ రాజధానిలో విమానాశ్రయం మూసేశారు. పాలకొల్లు చేరేసరికి తెరిచారు. పాలకొల్లు బస్టాండులో కొన్న రెండిడ్లీల్లో ఒకటి ఆకులోనే మిగిలింది. పది గంటలకు నరసాపురం. షేరాటోలో ఇంకో ముప్పావుగంటకు మొగల్తూరు.

అక్క వసారాలో కూర్చుని ఫారం రెండుసార్లు చదివింది. "నిన్నెవడు ఎత్తుకుపోతాడ్రా? రెండు రోజులు నీ కబుర్లు వింటే వాళ్ళే తెచ్చి దింపుతారు" అంది గానీ నవ్వలేదు. సంతకం సంగతి ఎత్తలేదు.

చిన్నప్పుడు నేను కాలవలో పడేసుకున్న వస్తువేంటి అనే ప్రశ్న ఖాయం చేసుకున్నాం. జవాబు బడిసంచి. నేను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అక్క ఫోన్లో మా పిన్నితో, "ఎర్ర సంచా పిన్నీ, ఖాకీదా?" అంటోంది.

"అక్కా, అది రహస్యం."

"రహస్యమైతే తప్పుల్లేకుండా ఉండొద్దూ?"

ఒంటిగంటకు భోజనం. రొయ్యల చెరువు నుంచి బావగారు వచ్చారు. సంగతి విని, "మీ అక్క పేరెందుకయ్యా రాయడం? దానికి నిద్రెక్కువ. ఫోన్ మోగినా లేవదు. మీ అమ్మగారి దగ్గర ఆ రోజు..." అని ఆగి, పులుసు గిన్నె నా వైపు జరిపారు.

ఆ రోజు సంగతి మా బంధువులందరికీ తెలుసు. ముప్పయ్యేళ్ళ కిందట అమ్మ ఆసుపత్రిలో ఉండగా, పక్కన కూర్చున్న అక్కకు కునుకు పట్టింది. ఆక్సిజన్ సిలిండరు అయిపోవడం ఎవరూ చూడలేదు. సాయంత్రానికి అమ్మ పోయింది. అందరూ చెప్పుకునేది ఇదే.

బావగారు పడుకున్నాక అక్క పెన్ను నా చేతికిచ్చింది. "రాసుకో. ఆ మధ్యాహ్నం అమ్మ దగ్గర ఉండాల్సింది ఎవరు?"

నేను పెన్ను కింద పెట్టేశాను.

"ఎవర్నడిగినా నా పేరే చెబుతారు. వాళ్ళు ఊరూరా తిరిగి వాకబు చేసినా ఆ జవాబే దొరుకుతుంది. సరైంది మనిద్దరికే తెలుసు."

ఉండాల్సింది నేను. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. కాసేపట్లో వచ్చేస్తానని మ్యాట్నీకి వెళ్ళాను. క్యారేజీ పట్టుకొచ్చిన అక్క ఖాళీ సిలిండరును చూసింది. నాన్న వచ్చేసరికి, తనే ఉన్నానని, నిద్రపట్టేసిందని చెప్పింది. ఈ సంగతి అప్పటికి మా ఆవిడకు కూడా తెలియదు. మేమిద్దరం కూడా ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

"ఎందుకలా చెప్పావక్కా?"

"నాన్న నిన్ను ఇంట్లో ఉండనిచ్చేవారు కాదు. నన్నెలాగూ అత్తారింటికి పంపేశారుగా." ఫారం తన వైపు తిప్పుకుని ప్రశ్న తనే రాసింది. "అక్కడికి వెళ్ళేది దీనికోసమేనా?"

"తెలీదు."

"వద్దని చెబుదామనే పొద్దుట్నుంచీ చూస్తున్నాను" అని సంతకం పెట్టింది. "జవాబు మాత్రం నేను రాయను. నువ్వే రాయాలి."

మూడున్నరకు ఆటో, నాలుగుంబావుకి నరసాపురంలో రాజమహేంద్రవరం బస్సు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇలాంటి దేశాలకు వెళ్ళదలచినవాళ్ళకు టీకాలు, వీసాలు, సామాన్ల గురించి ఎవరైనా చెబుతారు. నేను చెప్పగలిగింది ఒకటే. ఈ ఫారాన్ని చివరి రోజుకు వదిలేయకండి. జవాబుకు ఉన్నది చిన్న గడే కదా అనిపిస్తుంది. పాలకొల్లులో పెన్ను తీసినవాణ్ణి సిద్ధాంతం వంతెన దాటేదాకా పట్టుకునే ఉన్నాను. ఆ దేశంలో ఎవరో తుపాకీ పెట్టి అడిగితే ఎలాగా అని అన్నాళ్ళూ భయపడ్డాను. ఎవరూ అడగకుండా రాయడం అంతకన్నా తేలిక కాలేదు. చివరికి బస్సు కుదుపుల్లోనే రాశాను.

అక్కకు ఫోన్ చేశాను.

"రాశావా?"

"రాశాను."

"చదువు."

బస్సులో జనం ఉన్నారు. అయినా చదివాను. "నేను."

"ఊ. సరిగ్గానే ఉంది" అంది.