బలహీనపడిన తుపాను, మా విత్తనకాయలు

కుప్పంలో జాగ్రఫీ టీచరుగా చేరిన కొత్తలో, తొంభైల చివర్లో, నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఎండాకాలం తుపాన్లు ఎక్కువగా ఉత్తరానికి పోతాయనీ, కార్తీకంలోవి నెల్లూరు, చెన్నై వైపు తీరం దాటుతాయనీ, వెచ్చటి సముద్రం మీద బలపడి నేల తగలగానే నీరసిస్తాయనీ బోర్డు నిండా బాణాలు గీసి చెప్పేదాన్ని.

ఆ కార్తీకంలో, పుంగనూరు దగ్గర మా ఊళ్లో, నాయన వేరుశనగ కాయల్లో మంచివి ఏరి విత్తనానికని మిద్దె మీద ఆరబోశాడు. తాత కాలం నుంచీ మాది ఇంటి విత్తనమే. కొనుక్కోవడమంటే నాయనకు నామోషీ. తుపాను వస్తోందని రేడియోలో వినగానే కాయలు గోతాలకెత్తి లోపల పెట్టాడు. రెండు రోజులాగి ఎస్టీడీ బూత్ నుంచి మా స్కూలుకు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, తుపాను ఏమైంది? కాయలింకా పచ్చిగా ఉండాయి. గోతాల్లో బూజు పడతాయి."

"తీరం దాటి బలహీనపడిపోయింది నాయనా. ఇంగ భయం లేదు, ఆరబోసుకో," అన్నాను. పొద్దున పేపర్లో చదివిందే.

పక్కింటాయన వద్దన్నాడట. "ఈ పాఠం చెప్పేదే నా బిడ్డ. నీకేం తెలుసప్పా?" అని నాయన కాయలు మళ్లీ మిద్దెకెక్కించి, ఇంటికి తాళం వేసి, అమ్మతో మదనపల్లెలో పెళ్లికి పోయాడు.

ఆ బలహీనపడిన తుపాను తీరిగ్గా వచ్చి మా మీద మూడు రోజులు తిష్ఠ వేసింది. గాలి లేదు, ఒకటే వాన. వంకలు పొంగి బస్సులు ఆగిపోయాయి. మిద్దె మెట్లేమో తాళం వేసిన ఇంటి లోపల, పక్కింటాయన ఎక్కి తీసేందుకూ లేదు.

బస్సులు తిరగ్గానే ఊరికి పరుగెత్తాను. నాయనా అమ్మా కూడా అప్పుడే పెళ్లి నుంచి చేరారు. కాయలన్నీ మొలకలెత్తి ఉన్నాయి. తాత కాలం నుంచీ కాపాడుకున్న విత్తనాన్ని ఒక్క ఫోనుతో పోగొట్టానని ఏడ్చేశాను.

"యాల ఏడ్సేది? తగ్గింది గాలమ్మా, వాన గాదు. బాయి సూసినావా, మెట్లు మునిగిపోయినాయి," అన్నాడు నాయన. నాకు బాధ తగ్గలేదు గానీ, ఆ నీళ్లు చూస్తే సంతోషమూ ఆగలేదు. ఆ యేడు బావి కింద వరి పండించి ఇంటి బియ్యం తిన్నాం. విత్తనం మాత్రం సదుంలో తెలిసినవాళ్ల దగ్గర కొన్నాడు. నామోషీ అనే మాట ఎత్తలేదు.

మరుసటి కార్తీకంలో మళ్లీ ఫోన్.

"ఏమ్మా, ఈ తూరి తుపాను బలహీనపడిందా?"

"పడింది నాయనా."

"అయితే కాయలు లోపలికెత్తుకుంటా," అని పెట్టేశాడు.

ఇంట్లో రేడియో ఉంది, పక్కింటాయనా ఉన్నాడు. అయినా నన్నే అడిగాడు.