పెళ్ళి సామాను దింపించిన రోజు

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పాత లారీ ఏదైనా గట్టిగా ఆగినప్పుడు, వేడెక్కిన బ్రేకుల మాడు వాసన ముక్కుకు తగిలితే నాకు అనసూయమ్మగారు గుర్తొస్తారు. చంపాపేట్‌లో ఆమెకు టెంట్‌హౌస్ ఉండేది. పెళ్ళిళ్ళకు కుర్చీలు, షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చేవారు. తరతరాలుగా అక్కడే సాగు చేసిన కుటుంబం. పొలాలు కాలనీలయ్యాక భర్త ఈ వ్యాపారం పెట్టి, కొన్నాళ్ళకే కన్నుమూశారు. ఆయన కొన్న చిన్న లారీనీ, వ్యాపారాన్నీ ఆమే నెట్టుకొచ్చారు. తెనాలి నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నన్ను ఆ లారీకి డ్రైవరుగా పెట్టుకున్నారు. అంతకుముందు దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసిన గోదాము యజమాని, బండిలో ఏదో తేడా ఉందంటే చాలు, “నీకు నడపడం రాదని చెప్పు” అనేవాడు. దాంతో నోరు మూసుకుని నడపడమే అలవాటైంది.

ఒకరోజు మూసారాంబాగ్‌లో పెళ్ళి. పొద్దున్నే సామానంతా ఎక్కించి తాళ్ళు బిగించాం. అక్కడ వంటవాళ్ళు గుండిగల కోసం ఎదురుచూస్తున్నారు. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి ఆమె దగ్గరికి వెళ్ళాను.

“అమ్మా, బ్రేకు తొక్కితే ముందు చక్రాల దగ్గర గీసుకుంటున్న చప్పుడొస్తోందండీ. మెల్లగా వెళ్ళొచ్చేస్తాను.”

“మెల్లగ పోతే ఎవ్వరు అడ్డం రారా?” అని, కూలీల వైపు తిరిగి, “సామాన్ దించుర్రి” అన్నారు. తిడతారని తల వంచుకుని నిలబడ్డాను. ఆమె నా ముందే పెళ్ళికూతురి తండ్రికి ఫోన్ చేశారు. “అన్నా, మా బండి బ్రేకులు మంచిగ లేవు. గుండిగలు ఆటోల ఏసుకొని నేనే ఒస్తున్న. కుర్చీలు జర ఆలస్యమైతయ్. తప్పు నాది, డ్రైవర్‌ది గాదు.” ఆయన అరుపులు నాక్కూడా వినపడుతున్నాయి. ఆమె చివరిదాకా విని, “నువ్వన్నది నిజమే అన్నా” అని పెట్టేశారు.

ఆమె వెళ్ళాక పక్క షెడ్డు మెకానిక్, నేను కలిసి చక్రాలు విప్పాం. ప్యాడ్లు పూర్తిగా అరిగి, ఇనుముకు ఇనుము రాసుకుంటోంది. రెండు వైపులా కొత్తవి వేసి, వెనక చక్రాల డ్రమ్ములు కూడా విప్పి శుభ్రం చేశాం. ఇంతలో ఆమె ఫోన్. “కొత్త ప్యాడ్లేసినంక పెడల్ ఒత్తుతనే ఉండు. గట్టిపడ్డంకనే బండి కదిలియ్యి. మా ఆయన గా సంగతి మర్శిపోయి మా గోడనే గుద్దిండు.” అంత హడావుడిలోనూ నవ్వారు.

దిల్‌సుఖ్‌నగర్ దాటుతుండగా ఒక స్కూటరు ఉన్నట్టుండి నాకు అడ్డం తిరిగింది. వెనక కూర్చున్నామె ఒడిలో పసిపాప. బలంగా తొక్కాను. లారీ వాళ్ళకు బారెడు దూరంలో ఆగిపోయింది. ఆమె వెనక్కి ఒకసారి చూసి, పాప టోపీ సర్దుకుంది. వాళ్ళ దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. నేను పెడల్‌ను మరోసారి ఒత్తి చూసుకుని బండి కదిలించాను.

కుర్చీలు దింపాక ఆ సంగతి అనసూయమ్మగారికి చెప్పాను. ఆమె నన్ను విస్తరి ముందు కూర్చోబెట్టి, తానే అన్నం వడ్డించారు. “ఎప్పుడైనా గిట్లనే చెప్పు. నేను తిట్టినా చెప్పు” అన్నారు. మరుసటేడు ఆ పెళ్ళికూతురి చెల్లెలి పెళ్ళికి కూడా సామాను మా దగ్గర నుంచే వెళ్ళింది.

ఆమె ఇప్పుడు లేరు. పెద్ద అంబర్‌పేట్‌లో నాకు సొంతంగా రెండు పాత లారీలున్నాయి. మొన్న ఒక డ్రైవరు హైవే మీద నుంచి ఫోన్ చేశాడు.

“అన్నా, బ్రేక్ పెడల్ లోపలికి పోతుంది. లోడు దారి నడిమిట్లనే ఉంది గానీ, బండి పక్కకు ఆపేసిన.”

“మంచి పని చేశావు. అక్కడే ఉండు, సామాను వాళ్ళతో నేను మాట్లాడతా” అన్నాను. మెకానిక్‌ను పంపి, వాళ్ళకు ఫోన్ చేశాను. చాలాసేపు తిట్టారు. అంతా విన్నాను. మనసులో మాత్రం సంతోషంగానే ఉంది. నా దగ్గర పనిచేసే మనిషి నాకు చెప్పడానికి భయపడలేదు.